మెరుపు చదరంగంలో మెరుగుపడాలంటే ఆటల సంఖ్య చాలదు: పత్రికకు ఒక విన్నపం

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కొన్నేళ్లుగా మన పత్రికల క్రీడా పేజీల్లో చదరంగానికి దక్కుతున్న చోటు చూస్తుంటే ఈ ఆటను ప్రేమించే పాఠకుడిగా ఎంతో సంతోషం కలుగుతోంది. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ చదరంగ ఒలింపియాడ్‌లో ఓపెన్ విభాగంలోనూ మహిళల విభాగంలోనూ భారత జట్లు స్వర్ణాలు గెలిచినప్పుడు ఆ జట్లలో గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, వరంగల్‌కు చెందిన ఇరిగేశి అర్జున్ ఉన్నారన్న సంగతి తెలుగువారందరికీ చేరింది. అదే ఏడాది డిసెంబరులో కోనేరు హంపి న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల రాపిడ్ కిరీటాన్ని రెండోసారి అందుకున్నారు. ఆ వార్తలు చదివి ఫోనులో చదరంగం యాప్ వేసుకున్న పిల్లలు, ఉద్యోగులు, గృహిణులు, విశ్రాంత జీవులు నాకు తెలిసినవారిలోనే ఎందరో ఉన్నారు. వీరిలో ఎక్కువమంది ఆడేది మూడు నిమిషాల ఆట, ఐదు నిమిషాల ఆట, కొందరైతే ఒక్క నిమిషం ఆట. ఈ ఉత్తరం వారి గురించే.

ఒక ఆట ఓడిపోగానే తెర మీద కొత్త ఆటకు మీట సిద్ధంగా ఉంటుంది. దాన్ని నొక్కితే కొన్ని సెకన్లలో ప్రపంచంలో ఎక్కడో ఉన్న మరొక ప్రత్యర్థి దొరుకుతాడు. ఇలా రోజూ రాత్రి గంటల తరబడి ఆడుతూ, నెలలు గడిచినా రేటింగు, అంటే గెలుపోటములను బట్టి ఆటగాడి బలాన్ని చూపే అంకె, ఉన్నచోటనే కదలాడుతుంటే, తమకు తెలివితేటలు చాలవేమోనని బాధపడేవారిని చూస్తున్నాను. లోపం తెలివిలో లేదని, సాధన చేసే పద్ధతిలో ఉందని వారికి చెప్పాలని నా కోరిక. మూడు నిమిషాల గడియారంతో నలభై ఎత్తులు వేయాలంటే ఒక్కో ఎత్తుకు దక్కేది నాలుగున్నర సెకన్లే. అంత తక్కువ వ్యవధిలో ఎంతటివారైనా కొత్తగా ఆలోచించి కనిపెట్టేది చాలా కొద్ది. ఎదుట ఉన్న స్థితిలో ఇదివరకు తెలిసిన పోలిక ఏదైనా ఉందా అని గుర్తుపట్టి, దాని ప్రకారం పావు కదుపుతారు. బావిలో లేనిది చేదలోకి రాదు కదా! వేగంగా ఆడే ఆట మనకు ఎంత తెలుసో పైకి తెస్తుందే గాని, తెలియనిదాన్ని తనంతట తాను నేర్పదు. నేర్చుకోవడం ఆటకు ముందో వెనకో, తీరిగ్గా, గడియారం లేని చోట జరగాలి.

గడియారం సంగతి కాస్త వివరంగా చెప్పడం అవసరం. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమాల ప్రకారం ఒక్కో ఆటగాడికి పది నిమిషాలు గాని అంతకన్నా తక్కువ గాని ఉంటే అది బ్లిట్జ్, అంటే మెరుపు చదరంగం. పది నిమిషాలు దాటి అరవై నిమిషాల లోపు ఉంటే రాపిడ్. ఆన్‌లైన్ వేదికలు మాత్రం పది నిమిషాల ఆటను రాపిడ్ కిందనే లెక్కిస్తాయి. అందువల్ల ఫోనులో రాపిడ్ రేటింగు చూసుకుని, నిజమైన టోర్నమెంటులో బల్ల ముందు కూర్చున్న పిల్లవాడు తికమకపడతాడు. ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ప్రపంచ బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్‌లో ఇచ్చేది మూడు నిమిషాలు, ఆపైన వేసిన ప్రతి ఎత్తుకు రెండేసి సెకన్లు కలుస్తాయి. ప్రపంచ రాపిడ్‌లో పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు. జగజ్జేతలకే ఈ అదనపు సెకన్లు అవసరమని సమాఖ్య భావిస్తుంటే, నిన్నగాక మొన్న ఆట నేర్చుకున్నవారు ఒక్క సెకను కూడా కలవని మూడు నిమిషాల ఆటను ఎంచుకోవడం నాకు విచారం కలిగిస్తుంది. సెకన్లు కలవని ఆటలో చివరి పదిహేను సెకన్లు వచ్చేసరికి చదరంగం ఆగిపోయి వేళ్ల పందెం మొదలవుతుంది. గెలిచే స్థితిలో ఉన్నవాడు సమయం అయిపోయి ఓడిపోతాడు, ఓడవలసినవాడు గెలిచి తన తప్పు తెలుసుకోకుండానే ముందుకు పోతాడు. ఇద్దరికీ నష్టమే. వేగంగా ఆడటమే ఇష్టమైనవారు కనీసం ఎత్తుకు రెండు సెకన్లు కలిసే ఆటను ఎంచుకోవాలని, వారంలో కొన్ని ఆటలైనా పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల లెక్కన ఆడాలని నేను గట్టిగా సూచిస్తాను.

ఆట ముగింపు దశలో గుర్తుపట్టే శక్తి ఎంత పనికొస్తుందో ఒక స్థితితో చూపిస్తాను. బల్ల మీద నిలువు వరుసలను ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలతో, అడ్డు వరుసలను తెల్ల వైపు నుంచి 1 మొదలు 8 వరకు అంకెలతో గుర్తిస్తారు; ఈ5 అంటే ‘ఈ’ అనే నిలువు వరుసలో ఐదో గడి. తెల్ల రాజు ఈ5 గడిలో, తెల్ల బంటు దాని వెనక ఈ4లో, నల్ల రాజు ఈ7లో ఉన్నాయనుకుందాం. బల్ల మీద ఇక ఏ పావూ లేదు. ఇప్పుడు ఎత్తు నల్లవారిదైతే తెల్ల గెలుస్తుంది, ఎందుకంటే నల్ల రాజు పక్కకో వెనక్కో తొలగక తప్పదు; పక్కకు తొలగితే తెల్ల రాజు రెండో పక్క నుంచి, వెనక్కి తగ్గితే నేరుగా ముందుకు చొచ్చుకుపోతుంది. ఎత్తు తెల్లవారిదైతే, నల్లవారు సరిగ్గా ఆడినంత కాలం ఆట డ్రా. ఈ మొత్తాన్ని ఒక గడి ముందుకు జరిపి, తెల్ల రాజును ఈ6లో, బంటును ఈ5లో, నల్ల రాజును ఈ8లో పెడితే, ఎత్తు ఎవరిదైనా సరే తెల్లదే గెలుపు. ఈ తేడాను ఒక ఆదివారం మధ్యాహ్నం నిజమైన బల్ల మీద పావులు పేర్చుకుని, రెండు వైపులా తానే ఆడి చూసినవాడికి, ఐదు సెకన్లు మిగిలినప్పుడు లెక్క వేయవలసిన పని ఉండదు; రాజును బంటుకు ముందు నడిపించాలని చెయ్యికే తెలుస్తుంది. వేల ఆటలు ఆడినా దీన్ని విడిగా నేర్చుకోనివాడు, ఇలాంటి ముగింపుల్లో తొందరపడి బంటును ముందుకు తోసి, గెలిచే ఆటను డ్రా చేసుకుంటూనే ఉంటాడు. ఎదుట ఒంటరి రాజే మిగిలినప్పుడు మంత్రితో ఆటకట్టు చేయడానికి ఎంత కష్టమైన స్థితి నుంచైనా పది ఎత్తులకు మించి పట్టదు, ఏనుగుతో పదహారు ఎత్తులకు మించి పట్టదు. అయినా మంత్రి చేతిలో ఉండి కూడా ఎదుటి రాజుకు చెక్ లేకుండా కదలడానికి చోటు లేని స్థితిని తెచ్చి, ఆటను డ్రా చేసి తలపట్టుకునేవారిని రోజూ చూస్తాం. కంప్యూటరును ఎదుట పెట్టుకుని ఈ రెండు ఆటకట్టులనూ తడబడకుండా వచ్చేవరకు సాధన చేస్తే, బ్లిట్జ్‌లో చేజారే ఆటల్లో చెప్పుకోదగ్గ భాగం దక్కుతుంది.

ఆరంభపు ఎత్తుల విషయంలో నాకు మరింత ఆందోళన ఉంది. వలలు పన్ని గెలిచే పద్ధతులను నేర్పే చిన్న చిన్న వీడియోలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. ఒక ఉదాహరణ చెబుతాను. తెల్ల డి4కు బంటును నడిపితే నల్ల ఈ5కు బంటును తోసి బలి ఇస్తుంది. తెల్ల ఆ బంటును కొడుతుంది. నల్ల గుర్రం సి6కు, తెల్ల గుర్రం ఎఫ్3కు, నల్ల మంత్రి ఈ7కు వస్తాయి. తెల్ల శకటును ఎఫ్4కు తెచ్చి బంటును కాపాడుకోగానే నల్ల మంత్రి బి4 నుంచి చెక్ చెబుతుంది. శకటు డి2కు అడ్డు వస్తే మంత్రి బి2 బంటును కొట్టేస్తుంది. ఇక్కడ ఏనుగును కాపాడుకోవాలన్న తొందరలో తెల్ల శకటును సి3కి తెస్తే, నల్ల శకటు బి4కు వచ్చి దాన్ని కదలనివ్వకుండా బిగిస్తుంది. తెల్ల మంత్రి డి2కు వచ్చి అండగా నిలవబోతే శకట్లు మారి, చివరికి నల్ల మంత్రి సి1లో ఆటకట్టు చేస్తుంది. ఎనిమిది ఎత్తుల్లో ఆట ముగిసిందన్న ఆనందం పిల్లలను కట్టిపడేస్తుంది. కాని శకటుకు బదులు గుర్రాన్ని సి3కి తెచ్చే ప్రత్యర్థి ఎదురైతే, నల్ల చేతిలో మిగిలేది అభివృద్ధి లేని పావులు, ఇరుకున పడిన మంత్రి, చెడిపోయిన స్థితి. రేటింగు కాస్త పెరిగి ఆ గుర్రం ఎత్తు తెలిసినవారు ఎదురయ్యేసరికి ఈ పిల్లవాడి చేతిలో మరేమీ ఉండదు. తెల్లతో ఒక పద్ధతి, నల్లతో ఆడేటప్పుడు తెల్ల తొలి ఎత్తు ఈ4 అయితే ఒక సమాధానం, డి4 అయితే ఒక సమాధానం ఎంచుకుని, వాటిలో పావులు ఎక్కడికి, ఎందుకు వెళ్తాయో అర్థం చేసుకుని, ఏడాది పాటు వాటినే ఆడితే, మొదటి పది ఎత్తులకు గడియారం దాదాపు కదలదు. ఆ మిగిలిన సమయం మధ్య ఆటలో చేతికొస్తుంది.

అన్నిటికన్నా నేను ఎక్కువగా నమ్మేది ఆడిన ఆటను తిరిగి చూసుకోవడాన్ని. చాలామంది ఆట ముగియగానే ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటరు ప్రోగ్రాము) విశ్లేషణ తెరిచి, ఏ ఎత్తు పక్కన ఎర్ర గుర్తు పడిందో చూసి, ‘అరె, ఇక్కడ పోయింది’ అనుకుని మూసేస్తారు. యంత్రం చెప్పిన ఎత్తు మనసులో నిలవదు, ఎందుకంటే దాన్ని వెతికిన శ్రమ మనది కాదు. ముందుగా ఇంజిన్ లేకుండా ఆటను తిరగేసి, ఎక్కడ అనుమానపడ్డామో, ఎదుటివారి ఏ ఎత్తు మనం ఊహించలేదో మన మాటల్లో రాసుకుని, ఆ తర్వాత యంత్రాన్ని అడగాలి. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టి, 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్‌ను ఆయన శిక్షకుడు విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్‌కు దూరంగా ఉంచి, సొంతంగా ఆలోచించడం అలవాటు చేశారు. గ్రాండ్‌మాస్టర్ కాబోయేవాడికే అది అవసరమైనప్పుడు మనకు మరింత అవసరం. వేగంగా ఆడేవారు తప్పక చూడవలసినది ఇంకొకటి కూడా ఉంది. ఆన్‌లైన్ ఆటలో ప్రతి ఎత్తుకూ ఎన్ని సెకన్లు వాడామో నమోదై ఉంటుంది. ఏ ఎత్తు దగ్గర అరనిమిషం ఆగిపోయామో అక్కడే మన తెలియనితనం ఉంది. ఆ ఎత్తులను ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, అవి నాలుగైదు రకాలుగానే తేలడం చూసి ఆశ్చర్యపోతాం: బంట్లను మార్చుకోవాలా వద్దా అనో, ఏ ఏనుగును ఏ వరుసకు తేవాలనో, ఎదుటివారి బెదిరింపు నిజమా కాదా అనో. వాటిని తీరిగ్గా పరిష్కరించుకున్నవాడికి వేగం దానంతట అదే వస్తుంది.

పజిళ్లు చేయడం కూడా ఇందులో భాగమే, కాని అక్కడా గడియారం పెట్టుకుని పరుగులు తీసేవారే ఎక్కువ. తప్పిన పజిల్‌ను పక్కన పెట్టి, వారం తర్వాత మళ్లీ చేసి చూడటమే మేలు. లీచెస్ వంటి ఆన్‌లైన్ చదరంగ వేదిక ప్రకటనలు లేకుండా, ఒక్క రూపాయి తీసుకోకుండా, నిజమైన ఆటల నుంచి ఏరిన పజిళ్లను ఎన్ని కావాలంటే అన్ని ఇస్తోంది. పేద ఇంటి పిల్లవాడికి కూడా ఫోనూ కాస్త డేటా ఉంటే చాలు. శిక్షణకు డబ్బు లేదని ఆగిపోయే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి. వరుసగా రెండు ఆటలు ఓడినప్పుడు ఫోను పక్కన పెట్టించడం కూడా పెద్దలు చేయగల పనే. కోపంతో మొదలుపెట్టిన ఆటలో కళ్లు బల్లను చూడవు. హంపి 2024లో న్యూయార్క్‌లో తొలి రౌండే ఓడిపోయి కూడా, పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లతో ఛాంపియన్‌గా నిలిచారు. అక్కడ ఒక రౌండుకూ మరొక రౌండుకూ మధ్య తేరుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఫోనులో ఆ వ్యవధిని మనమే కల్పించుకోవాలి.

ఇక నా విన్నపం. హంపి గెలిచారని, అర్జున్ 2800 రేటింగు దాటారని మన పత్రికలు గర్వంగా రాస్తాయి. అలా రాయాలి కూడా. కాని ఆ గెలుపు ఏ స్థితిలో, ఏ ఎత్తుతో వచ్చిందో చూపించే బల్ల బొమ్మ ఆ వార్త పక్కన కనిపించడం చాలా అరుదు. క్రికెట్ వార్తలో స్కోరు బోర్డు లేకపోతే పాఠకులు ఒప్పుకోరు. చదరంగం వార్తలో మాత్రం ఆట లేకుండా ఫలితం ఒక్కటే ఇస్తున్నాం. పదసంపత్తి ఆటకూ, సుడోకుకూ చోటిచ్చే పేజీలోనే రోజుకొక చదరంగ స్థితిని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అది ఎప్పుడూ గ్రాండ్‌మాస్టర్ల అద్భుతమైన ఎత్తే కానక్కర్లేదు. వారంలో రెండు రోజులు పైన నేను చెప్పినటువంటి రాజు-బంటు ముగింపులు, రెండు రోజులు సామాన్య ఆటగాళ్ల ఆటల్లో తరచుగా వచ్చే చిన్న దెబ్బలు, మిగతా రోజులు మన తెలుగు ఆటగాళ్ల ఆటల నుంచి తీసిన స్థితులు ఇస్తే చాలు. జవాబు మరుసటి రోజు రావాలి, అదే పేజీలో తలకిందులుగా అచ్చు వేయకూడదు. అలాగైతేనే పాఠకుడు ఒక పగలంతా ఆ స్థితిని మనసులో మోస్తాడు. జవాబుతో పాటు ఆ ఎత్తు ఎందుకు సరైనదో, చూడగానే తోచే మరో ఎత్తు ఎందుకు పనికిరాదో రెండు వాక్యాల్లో తెలుగులో రాయించాలి. గుంటూరు, విజయవాడ, హనుమకొండ, హైదరాబాదుల్లో అందుకు తగిన శిక్షకులు ఉన్నారు. పత్రిక అడిగితే కాదనరని నా నమ్మకం. దీన్ని కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యే జూన్ నుంచి ప్రారంభించగలిగితే, బడుల్లో నోటీసు బోర్డుకు కత్తిరించి అంటించుకోవడానికి వీలుగా బొమ్మను కాస్త పెద్దదిగా వేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక చదరంగ అభిమాని,
హనుమకొండ.