చిన్నోడికి, ఫహీతాలు కుదిరిన సంగతి

అంబాజీపేట

నాన్నా చిన్నీ,

హ్యూస్టన్‌లో హోటల్‌కి వెళ్లి ఫహీతాలు, అదే కాల్చిన మాంసం చీలికలు రొట్టెలో చుట్టుకుని తినేవి, తిన్నానని, బాగున్నాయి గానీ రేటు చూస్తే మళ్లీ వెళ్లబుద్ధి కాలేదని అన్నావు. ఆ మాట నా మనసులోంచి పోలేదురా. చెల్లి ఫోన్‌లో చూసి చెబుతుంటే రెండు ఆదివారాలు ఇక్కడే చేసి చూశాను. నీకు చెప్పాలంటే ముందు నాకు రావాలి కదా.

మొదటిసారి పాడైంది. బాగా పడుతుందని మాంసం మీద నాలుగు నిమ్మకాయలు పిండి రాత్రంతా ఊరబెట్టాను. పొద్దుటికి పైపొర తెల్లబడి పిండిపిండిగా అయిపోయింది. లోపల మాత్రం గట్టిగానే ఉంది. పైగా నార పొడవునా కోశాను. మీ నాన్న ఏమీ అనకుండా తినేశారు గానీ, ఆయన దవడ పట్టుకోవడం నేను చూశాను.

మొన్న ఆరాధన అయ్యాక మళ్లీ పెద్దమాంసం తెప్పించాను. పక్కటెముకల లోపల పలచగా, పొడుగ్గా ఉండే పట్టీ కావాలని అడిగించాను. అక్కడ కొట్లో స్కర్ట్ స్టేక్ అని అడుగు, ఇస్తారు. స్పానిష్‌లో ఫాహా అంటే నడికట్టు అట, ఫహీతా అంటే చిన్న పట్టీ. రియో గ్రాండే నది పక్క పశువుల కాపర్లకు కూలిలో భాగంగా తల, తోలు, ఈ పట్టీ ఇచ్చేవారట. 1969లో టెక్సస్‌లోని కైల్ అనే ఊళ్లో సానీ ఫాల్కన్ అనే మాంసం కొట్టాయన వీటిని కాల్చి అమ్మాడట. చెల్లి ఇది చదువుతుంటే నాకు మీ తాతే గుర్తొచ్చాడు. జాతరకి మేకలు కోసిపెడితే ఆయన చేతిలో తలకాయ, పేగులు పెట్టేవారు. మీ నాన్నమ్మ వాటితోనే ఇంటిల్లిపాదికీ కమ్మగా వండిపెట్టేది.

అరకిలోకి రెండు నిమ్మకాయలు చాలు. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర పొడి, కారం, ఉప్పు, కాస్త నూనె. రెండు గంటలు మించి ఉంచకు. కాల్చే ముందు గుడ్డతో తడి అద్దెయ్యి, తడి ఉంటే కాలదు, ఉడుకుతుంది. నేను కుంపట్లో కొబ్బరి చిప్పలు కాల్చి, మంట పోయి నిప్పుల మీద బూడిద పట్టాక ఇనుప జాలి వేశాను. అటు మూడు నిమిషాలు, ఇటు మూడు. నీకు గదిలో ఇనుప పెనం ఉంటే సరిపోతుంది, పొగ వచ్చేంత కాగాక వెయ్యి. కిటికీ మాత్రం తీసిపెట్టు.

దించగానే కోసెయ్యకు. ఐదు నిమిషాలు ఆగితే రసం లోపలే ఉంటుంది. తర్వాత దగ్గరగా వంగి చూడు, నారలు మన కొబ్బరి పీచులా ఒకే వైపు పోతూ కనిపిస్తాయి. చాకు వాటికి అడ్డంగా పెట్టి సన్నగా కొయ్యి. అంతే, పోయినసారి నమలలేకపోయిన మాంసమే ఈసారి నోట్లో ఇట్టే నలిగిపోయింది. మీ నాన్న రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఉల్లిపాయ, క్యాప్సికం చీలికలు అదే వేడి మీద వేయించు, మెత్తబడకూడదు. రొట్టె మన మైదా చపాతీలాంటిదే.

సాల్సా, అంటే వాళ్ల పచ్చడి, మాత్రం మిక్సీలో వెయ్యకు నాన్నా, నీళ్లలా అయిపోతుంది. గట్టి రామ్ములక్కాయలు, అదే టమాటాలు, గింజ తీసి చిన్న ముక్కలు కొయ్యి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, నిమ్మరసం కలిపి పది నిమిషాలు వదిలెయ్యి. నాకైతే ఇంకో రకం ఎక్కువ నచ్చింది. అవే నిప్పుల మీద రామ్ములక్కాయలు, మిరపకాయలు నల్లగా కాల్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరాను. మెక్సికోలోనూ నల్లరాతి రోట్లోనే నూరతారట, దాన్ని మోల్కాహెతే అంటారట. మీ నాన్నమ్మ రోలు ఇన్నాళ్లకు మళ్లీ కడిగి వాడాను.

నీ దగ్గర పదునైన చాకు ఉందా? లేకపోతే ముందు అది కొనుక్కో. డబ్బులు చూసుకోకు.

మీ అమ్మ