ఖాతాదారులకు: తుపానుకు ముందు మన దుకాణం, మంచినీళ్ళ ప్లాంటు సంగతి

పాలెంలోని మా ఖాతాదారులందరికీ నమస్కారం.

బంగాళాఖాతంలోని వాయుగుండం ఈ ఆదివారం మధ్యాహ్నానికి తుపానుగా బలపడిందనీ, ఇప్పటి అంచనా ప్రకారం బుధవారం తెల్లవారుజామున శ్రీహరికోటకూ కృష్ణపట్నానికీ మధ్య తీరం దాటవచ్చనీ వాతావరణ శాఖ చెబుతోంది. అందువల్ల దుకాణం ఎప్పటివరకు తెరిచి ఉంటుందో, మంచినీళ్ళు ఎంత ఇవ్వగలనో, ఏవి ఇవ్వలేనో ముందుగానే రాసి తెలియజేస్తున్నాను. నోటిమాటగా చెబితే ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా చేరుతుందని 2023లోనే తెలిసివచ్చింది.

ఆ 2023 సంగతి చెప్పకుండా ఇప్పటి ఏర్పాట్లు చెబితే మీరు నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు. ఆ డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు జనరేటరు తెప్పించి ప్లాంటు నడుపుతానని ఇంటింటికీ మాట ఇచ్చాను గాని, అద్దెకిచ్చే ఆయనకు అడ్వాన్సు కట్టలేదు. నేను ఇస్తానన్న అద్దె కంటే ఎక్కువ ఇస్తామన్న రొయ్యల గుంటల వారికి ఆయన దాన్ని పంపించారు. అందులో ఆయన తప్పు ఏమీ లేదు. కరెంటు పోయిన మొదటి రాత్రే ప్లాంటు ఆగిపోయింది, మళ్ళీ కరెంటు వచ్చింది ఐదో రోజున. దానికి తోడు, నిండుగా ఉన్న 115 క్యాన్లను 20 రూపాయల చొప్పున కాకుండా 40 రూపాయల చొప్పున అమ్మాను. కూలి పెరిగింది, రవాణా లేదు అని అప్పుడు అన్నాను గాని, ఆ క్యాన్లు తుపానుకు ముందే నింపి వరండాలో పెట్టినవి, వాటికి నాకు అదనంగా అయిన ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు. అలా ఎక్కువగా తీసుకున్నది 2,300 రూపాయలు. ఖాతా ఉన్నవారి లెక్కలో ఈ రోజే తగ్గించాను. రొక్కం ఇచ్చి కొన్నవారు ఎవరైనా సరే వచ్చి చెబితే చాలు, క్యాన్‌కు ఒక క్యాన్ ఊరకే ఇస్తాను. రసీదు అడగను.

ఇక ఈ తుపాను. దుకాణం ముందు కూర్చున్నవారిలో సగం మంది, "మొన్నటి దానికి సముద్రం ఇసుక దిబ్బ దాటలేదు, దీనికి మాత్రం ఎందుకు దాటుతుంది" అంటున్నారు. ఈ ఒక్క మాటకు నేను గట్టిగా అడ్డు చెప్పదలచుకున్నాను. మిచౌంగ్ మన తీరం వెంబడి ఉత్తరానికి సాగి బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను గాలి మన ప్రాంతంలో గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి, దాని దారికి ఎడమ వైపున ఉన్న మనకు అప్పుడు భూమి మీద నుంచి గాలి వీచి సముద్రాన్ని వెనక్కే నెట్టింది. ఇప్పుడు చెబుతున్న దారి అలాంటిది కాదు. అది మనకు దక్షిణాన దాటితే మనం కుడి వైపున పడతాం, గాలి తూర్పు నుంచి సముద్రాన్ని మన మీదకే తోస్తుంది. గాలి వేగం అప్పటికంటే తక్కువగానే ఉన్నా ఉప్పెన అప్పటికంటే ఎక్కువ రావచ్చు. మన పాలెం పేరుకు దీవి కాదు గాని తూర్పున సముద్రం, పడమట బకింగ్‌హాం కాలువ, ఉత్తర దక్షిణాల నీళ్ళు సముద్రంలో కలిసే రెండు మొగలు ఉండగా దీవి కాదనడం కాగితాల మీద మాటే. కాలువ దాటే చప్టా మీదుగా నీళ్ళు పారాయంటే అవతలికి పోవడానికి పడవ తప్ప దారి లేదు, ఆ గాలిలో పడవ వేయడానికి ఎవరూ సాహసించకూడదు.

కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని కూడా రోజుకు పదిసార్లు అడుగుతున్నారు. ఐదు కంటే ఆరు, ఆరు కంటే ఏడు పెద్ద తుపాను అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఐదు, ఆరు, ఏడు మూడూ ప్రమాదంలో ఒకే స్థాయివి. ఐదు అంటే రేవు తుపాను దారికి ఎడమన ఉంటుందని, ఆరు అంటే కుడిన ఉంటుందని, ఏడు అంటే తుపాను రేవు మీదుగా గాని దానికి బాగా దగ్గరగా గాని దాటుతుందని అర్థం. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరుసలో మహా ప్రమాదానికి సంబంధించినవి. కృష్ణపట్నానికి ఉత్తరాన ఉన్న మనం ఆరో నంబరు విన్నామంటే "ఐదు దాటి ఒక్కటేగా పెరిగింది" అనుకుని ఊరుకోవడానికి వీల్లేదు. సముద్రం మన వైపు వస్తుందన్న మాట అది. దారి మంగళవారం లోపల మారవచ్చు. మారితే సంతోషమే, నింపుకున్న నీళ్ళు ఎలాగూ తాగేవే కదా.

నీళ్ళ లెక్క ఇది. పాలెంలో సుమారు 140 ఇళ్ళు, 700 మంది ఉన్నాం. తాగడానికీ వండుకోవడానికీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకుంటే ఐదు రోజులకు 14,000 లీటర్లు కావాలి. మా ప్లాంటు గంటకు 500 లీటర్లు ఇస్తుంది, అంటే 28 గంటలు ఆగకుండా నడవాలి. ఈ సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి వరకు, సోమవారం తెల్లవారి ఐదు నుంచి రాత్రి పదకొండు వరకు, మంగళవారం ఐదు నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు నడిపితే 31 గంటలు వస్తాయి. చేతిలో మిగిలేది మూడు గంటలే. ఈసారి జనరేటరుకు 5,000 రూపాయల అడ్వాన్సు కట్టి ముందే తెప్పించాను, షెడ్డులో ఇటుకల మీద ఎత్తి పెట్టి ఉంది, కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు. చిక్కంతా క్యాన్ల దగ్గరే ఉంది. నా దగ్గర ఉన్నవి 180, అంటే 3,600 లీటర్లకే సరిపోతాయి. మిగతా నీళ్ళకు మీ బిందెలు, మూత ఉన్న డ్రమ్ములు, కడిగిన డబ్బాలు తెచ్చుకోక తప్పదు. ఇళ్ళలో పెరటి మొక్కలకూ కోళ్ళ దాణాకూ వాడుతున్న మా ఖాళీ క్యాన్లను దయచేసి రేపు ఉదయానికి తిరిగి ఇవ్వండి, ఎన్నాళ్ళుగా ఉంచుకున్నారని ఎవరినీ అడగను. క్యాన్ ధర 20 రూపాయలే. సొంత పాత్రలో పట్టుకుంటే 20 లీటర్లకు 10 రూపాయలు. రేపు సాయంత్రం వరకు ఇంటికి 100 లీటర్లకు మించి ఎవరికీ ఇవ్వను. అందరికీ అందాక మిగిలితే చూద్దాం.

మంగళవారం మధ్యాహ్నం ప్లాంటు ఆపి మోటారునూ ప్యానెల్ బోర్డునూ విప్పి మిద్దె మీదకు చేరుస్తాం. ఆ తరువాతి సంగతికి నేను హామీ ఇవ్వలేను. ఉప్పెన నీళ్ళు బోరులోకి దిగితే ఆ నీటిని పరీక్ష చేయించే వరకు అమ్మను, నీళ్ళను శుద్ధి చేసే మెంబ్రేన్లు పాడైతే కొత్తవి వచ్చే వరకు ప్లాంటు మూతపడే ఉంటుంది. ఐదు రోజుల నీళ్ళు ముందే పట్టుకోమని ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

సరుకుల విషయంలో ఎప్పటిలా నెల్లూరు హోల్‌సేలు కొట్లను నమ్ముకోలేదు. ఆ కొట్లు పెన్నకు అవతలి ఒడ్డున ఉన్నాయి. 2021 నవంబరులో వానలు వెలిశాక పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నప్పుడు, తుపాను పోయినా సరుకు రాని పరిస్థితి చూశాం. ఎగువన కడప వైపు వాన పడితే సోమశిల డ్యాము నుంచి వదిలిన నీళ్ళు మనకు ఆలస్యంగా తెలుస్తాయి. అందుకని నిన్ననే కావలి నుంచి బియ్యం, కందిపప్పు, అటుకులు, బొరుగులు, బిస్కెట్లు, పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, టార్చి బ్యాటరీలు తెప్పించాను. నైలాన్ తాడు ఉంది. టార్పాలిన్ పట్టలు 22 మాత్రమే దొరికాయి, రేకుల ఇళ్ళవారికీ పూరిళ్ళవారికీ ఇచ్చాకే మిగిలినవారికి. పెరుగు, పాల ప్యాకెట్లు, ఐస్‌క్రీములు మంగళవారం నుంచి ఉండవు, ఫ్రీజరు ఖాళీ చేస్తున్నాను. డీజిలు అమ్మను, డబ్బాల్లో తెచ్చి దాచిపెట్టమని కూడా అడగవద్దు.

ధరలు సరుకు మీద అచ్చువేసి ఉన్నవే. అప్పు విషయంలో మాత్రం కాస్త మొహమాటంగానే చెబుతున్నాను: నీళ్ళు, బియ్యం, పప్పు, పాలపొడి ఎంత బాకీ ఉన్నవారికైనా ఖాతాలో రాసి ఇస్తాను, తాళ్ళు, పట్టలు, టార్చిలైట్లకు మాత్రం రొక్కం కావాలి, ఎందుకంటే వాటి డబ్బు నేను శుక్రవారం లోపల కావలిలో కట్టాలి. సెల్ టవరు పడిపోతే ఫోన్‌పే పనిచేయదు, కాబట్టి పది, ఇరవై, యాభై నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోండి. ఖాతా పుస్తకాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి నాతోనే తీసుకెళుతున్నాను, పుస్తకం కొట్టుకుపోతుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

దుకాణం మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు మూస్తాను. తరువాత తలుపు తట్టినా నేను ఉండను. మా ఇంటివాళ్ళం నాలుగు గంటలకల్లా తుపాను షెల్టరుకు చేరుతున్నాం. మిద్దె ఇల్లు కదా, మీకేమి భయం అని మీరు అనవచ్చు. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటిన రాత్రి, సరుకుల కోసం వెళ్ళి అక్కడ బంధువుల ఇంట్లో చిక్కుకుపోయిన మా మామగారు ఒక సంగతి చెప్పేవారు. అప్పటిదాకా హోరుమన్న గాలి ఒక్కసారిగా ఆగిపోతే, అంతా అయిపోయిందని జనం లాంతర్లు పట్టుకుని వీధిలోకి వచ్చారట. కాసేపటికి అదే గాలి ఎదురు దిక్కు నుంచి మొదలయిందట. ఆగింది తుపాను కాదు, దాని కన్ను వాళ్ళ మీదుగా పోయింది. షెల్టరులో ఉన్నప్పుడు గాలి ఆగిందని పడవలు చూసుకోవడానికి రేవుకు పరుగెత్తవద్దని మగవారికి ముఖ్యంగా చెబుతున్నాను. ఫైబర్ పడవలను, ఇంజన్లను ఇప్పుడే కాలువ పక్కకు, సరుగుడు తోటల లోపలికి లాగి కట్టుకోవచ్చు.

మరొక విషయం మా ఖాతాదారుల్లో రొయ్యల గుంటలు ఉన్నవారికి. గట్ల మీది షెడ్లలో కాపలా ఉండే ఒడిశా, బెంగాల్ కుర్రవాళ్ళు రోజూ మా దగ్గరే బీడీలు, బిస్కెట్లు కొంటారు. వారికి తెలుగు చదవడం రాదు, మైకులో చెప్పేది సగమే అర్థమవుతుంది. గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల కోసం చివరిదాకా గట్టు మీదే ఉండమని దయచేసి వారికి చెప్పకండి. వారి వాటా నీళ్ళు, 30 క్యాన్లు, విడిగా తీసి షెల్టరుకు పంపుతున్నాను, వాటికి డబ్బు అక్కర్లేదు.

షెల్టరులో మా ఇన్వర్టరు పెడతాను. దానితో ముప్ఫై ఫోన్లకు మించి చార్జింగు కాదు, అందులో ముందు ఆశా కార్యకర్తవీ, కాన్పు దగ్గరపడిన ఇళ్ళవారివీ. అత్యవసరమైతే 112కు గాని జిల్లా కంట్రోల్ రూం 1077కు గాని చేయండి, నా ఫోను అప్పటికి స్విచాఫ్ అయి ఉండవచ్చు. ఇల్లు వదిలేముందు గ్యాస్ రెగ్యులేటరు మూసి, మెయిన్ స్విచ్ ఆపి రండి.

ఈ రాత్రికి నీళ్ళు పట్టుకునే వరుస రామాలయం వైపు ఇళ్ళతో మొదలవుతుంది, రేవు వైపు వారు రేపు ఉదయం ఐదుకు రండి. నడవలేని పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళకు మా అబ్బాయి ట్రాలీ రిక్షాలో తెచ్చి ఇస్తాడు, ఇంటి గుమ్మంలో ఖాళీ బిందె పెట్టి ఉంచితే చాలు.