సముద్రాన్ని చూస్తూ కూర్చుంటే జీతం ఎవరిస్తారు?

తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల సమావేశం రోజున ఒక తండ్రిగారు పదో తరగతి చదువుతున్న కూతురిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చారు. "సముద్రం గురించి చదువుతానంటోంది మేడమ్. సముద్రాన్ని చూస్తూ కూర్చుంటే జీతం ఎవరిస్తారు?" అని అడిగారు. అమ్మాయి తల దించుకుంది. అప్పటికి ఏదో సర్దిచెప్పి పంపాను. ఆ సందేహం మరికొందరికీ ఉంటుందని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆ కోరిక పుట్టింది మా సైన్సు గదిలోనే కాబట్టి నేరంలో నాకూ వాటా ఉంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పు, అంటే ఇంచుమించు సముద్రంలో ఉన్నంత, కలిపి నీలం సిరా వేసి గాజు తొట్టెలో పోశాం. గరిటె వీపు మీదుగా మంచినీళ్లు మెల్లగా జార్చాం. కలవలేదు. కింద నీలం, పైన తేట, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. టేబుల్ ఫ్యాను పెట్టాం. పైనీళ్లు వణికాయి గానీ గీత చాలాసేపు చెదరలేదు. గంట కొట్టినా పిల్లలు కదల్లేదు.

బంగాళాఖాతంలో జరిగేదీ ఇదే. గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిపోసే మంచినీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. కింది చల్లటి నీటిని సులువుగా పైకి రానివ్వదు. వేడి పైనే నిలుస్తుంది, తుపానుకు అదే మేత. తుపాన్లకు ఇదొక్కటే కారణం కాదు గానీ, దీన్ని వదిలేస్తే లెక్క తేలదు.

భౌతిక సముద్రశాస్త్రం పని ఆ లెక్క తేల్చడమే. చేపలూ పగడాలూ వేరే శాఖవాళ్లవి. ఇక్కడ చూసేది నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహాలు, అలలు. భూమి మీద అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతోంది కాబట్టి వాతావరణ మార్పు లెక్కలకూ ఇదే ఆధారం. ఆర్గో అనే తేలుడు పరికరాలు దాదాపు 4000 ప్రపంచ సముద్రాల్లో తిరుగుతున్నాయి. పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకి వచ్చి, ఉపగ్రహానికి లెక్క అప్పజెప్పి మళ్లీ మునుగుతాయి. 2021లో భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం వాతావరణాన్ని గణితంలోకి తెచ్చిన మనాబే, హాసెల్‌మన్‌లకు దక్కింది.

ఇక జీతం మాట. సముద్రం లేని హైదరాబాదులోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళుతున్నాయి. చేపలు దొరికే చోట్లు మత్స్యకారులకు చెప్పేదీ వాళ్లే. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు విశాఖలో కేంద్రం ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ, డిగ్రీలో భౌతికశాస్త్రం, గణితం, తర్వాత పీజీ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నుంచే ఈ చదువు ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం తప్పదు. దాచడం దేనికి, పీహెచ్‌డీ దాకా వెళ్లాలంటే పదేళ్లు పడుతుంది, పోస్టులు తక్కువ, చదువు అయ్యీ అవగానే పెద్ద ప్యాకేజీలు రావు. ఓడెక్కితే వాంతులు కూడా.

ఆ తండ్రిగారు మళ్లీ వస్తానన్నారు. ఈలోగా మా తొట్టె అడుగున కారుతోంది, లక్కతో అతికించినా ఆగలేదు. మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న అక్వేరియం ఏదైనా ఉంటే శనివారంలోగా పంపండి. ఉప్పు, సిరా మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు