నాగార్జునసాగర్‌లో మన రూముల గురించి, అవతలి ఒడ్డు రన్‌వే గురించి

మన మెస్‌కు, పైఅంతస్తు రూములకు ఏళ్లుగా వస్తున్న అందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రూములు అద్దెకు ఇవ్వడం ఆపేస్తున్నాం. మెస్ మాత్రం నడుస్తుంది. అడ్వాన్స్ కట్టినవాళ్లు టెన్షన్ పడొద్దు, ప్రతి రూపాయీ తిరిగి ఇస్తాం.

ఆ రూములకు నెలంతా గిరాకీ ఉండేది అవతలి ఒడ్డు ఎయిర్‌స్ట్రిప్ వల్లే, అంటే ఆ రన్‌వే వల్లే. ఇప్పుడు ఆ గిరాకీ లేదు. సెలవు రోజుల్లో, గేట్లు ఎత్తినప్పుడు జనం బాగానే వస్తారు, ఇక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనం చూడటానికీ వస్తున్నారు. కానీ వాళ్లలో చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి హైదరాబాద్ వెళ్లిపోతారు. రూములు తుడిపించడానికీ, కరెంటు బిల్లుకూ కూడా సరిపోవడం లేదు.

కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. మేముండే పైలాన్ కాలనీ నల్లగొండ జిల్లాలోది. కృష్ణ దాటితే విజయపురి సౌత్, పల్నాడు జిల్లా. రన్‌వే ఉన్నది ఆ ఒడ్డున. నెహ్రూ గారు 1955 డిసెంబర్ 10న డ్యాంకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. డ్యాం పని కోసమే ఇక్కడి కాలనీలన్నీ పుట్టాయి. పని అయిపోయాక ఇంజనీర్లు బదిలీ అయ్యారు, కూలీలు వెళ్లిపోయారు, క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఊళ్లోనే మనుషులు తగ్గాక రన్‌వే సంగతి చెప్పేదేముంది? హైదరాబాద్ నుంచి ఇక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా కారులో మూడు గంటల్లో వచ్చేయొచ్చు. పెద్ద నాయకులు హెలికాప్టర్‌లో దిగుతారు. ఇక టికెట్ కొని విమానం ఎక్కేదెవరు?

ఆ రన్‌వే తర్వాతి రోజుల్లో పైలట్ శిక్షణకు పనికొచ్చింది. పిల్లల్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు వచ్చేవాళ్లు. కొందరు నది దాటి మా దగ్గర దిగేవాళ్లు. 2022 ఫిబ్రవరి 26న అక్కడి నుంచి ఎగిరిన శిక్షణ విమానం మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. నడుపుతున్న అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాత మా రూముల్లో దిగిన తల్లులు భోజనం దగ్గర కూర్చుని కూడా ఆకాశం వైపే చూసేవాళ్లు. ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

"సీప్లేన్ (నీళ్ల మీద దిగే విమానం) ఎప్పుడొస్తుంది?" అని ఫోన్ చేసి అడిగేవాళ్లకు కూడా ఇక్కడే చెప్తున్నాను. 2019 జనవరిలో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మూడో విడతలో కేంద్రం ఆరు వాటర్ ఏరోడ్రోమ్‌లు (సీప్లేన్లు దిగే చోట్లు) ప్రకటించింది, అందులో నాగార్జునసాగర్ ఒకటి. గుజరాత్‌లో సబర్మతి నుంచి పటేల్ విగ్రహం దాకా 2020 అక్టోబర్ 31న సర్వీసు మొదలైంది, మరుసటి ఏడాదే ఆగిపోయింది. మనకైతే మొదలే కాలేదు. 2024 నవంబర్‌లో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ జరిగినప్పుడు మళ్లీ ఫోన్లు. అది శ్రీశైలం సంగతి. సాగర్‌లో ఎయిర్‌పోర్టు గురించి ఆంధ్రా ప్రభుత్వం పరిశీలిస్తోందని పేపర్లలో చూశాం. వస్తే సంతోషమే. కానీ ఆ మాట మీద రూములకు ఇంకో ఏడాది ఖర్చు పెట్టే స్థితిలో మేం లేం.

మా బావమరిది మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్రలో హోటల్ నడుపుతాడు. తెలంగాణలో ఆరు చోట్ల ఎయిర్‌పోర్టులు అన్నప్పుడు మహబూబ్‌నగర్ పేరూ వచ్చింది. ఎప్పుడొస్తుందనే ప్రశ్న అతనూ వింటున్నాడు. ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఎవరైనా ప్లాటు చూపిస్తే, భూసేకరణ ఎంతవరకు వచ్చిందో ముందు కనుక్కోండి. మా కస్టమర్ల డబ్బు కాబట్టి చెప్తున్నాను.

నేను ఎదురుచూడటం మానేసినా ఆ రన్‌వే మీద ఆశ మాత్రం వదులుకోలేదు. వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టు చూడండి. నిజాం కాలంలో 1930లో కట్టారు, 1981 దాకా విమానాలు దిగాయి, తర్వాత దశాబ్దాల పాటు మూతపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. పాత స్థలం మిగిలి ఉండబట్టే కదా ఇప్పుడు ఇంకొంత భూమి కలిపి మళ్లీ కట్టే మాట వచ్చింది! సాగర్‌లోనూ ఆ స్థలం ఆక్రమణల పాలు కాకుండా చూడాలి. మన దగ్గర చిక్కేమిటంటే రన్‌వే ఒక రాష్ట్రంలో, దాన్ని వాడుకోవాల్సిన మనుషుల్లో సగం ఇంకో రాష్ట్రంలో. 2023 నవంబర్‌లో డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, గేట్ల మధ్య ముళ్లకంచె వేశారు. నీళ్ల దగ్గరే ఇంత గొడవైతే ఖాళీ రన్‌వేను ఎవరు పట్టించుకుంటారు? రెండు వైపుల ప్రజాప్రతినిధులు కూర్చుని మాట్లాడుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

ఇక మెస్ సంగతి. రూములు చూసుకునే ఇద్దరినీ పనిలోంచి తీయడం లేదు, కింద వంటలోకి తీసుకుంటున్నాం. మధ్యాహ్నం భోజనం రోజూ ఉంటుంది, రాత్రి భోజనం శని, ఆదివారాల్లోనే. రాత్రి ఉండాలనుకునేవాళ్లు అడిగితే హిల్ కాలనీలో మాకు నమ్మకం ఉన్న చోటు చెప్తాం, అందులో మాకు కమీషన్ లేదు. ఆదివారం చేపల పులుసు కావాలంటే శనివారం సాయంత్రం లోపు చెప్పండి.