మెట్టు అంచున మడమ

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెబుతుంటే నా మడమ కూడా చురుక్కుమంది. పొద్దున మంచం దిగగానే నాలుగడుగులు కుంటడం, కాసేపటికి సర్దుకోవడం, పరుగు మొదలెట్టిన పది నిమిషాలకు నొప్పి ఊసే లేకపోవడం. నాకూ అచ్చం ఇలాగే మొదలైంది. 'సర్దుకుంటోంది కదా' అని నాలుగు నెలలు లాక్కొచ్చాను. చివరికి పొద్దున్నే గోడ పట్టుకుని మెట్లు దిగాల్సి వచ్చింది.

ఒక పని చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు మధ్య మడమ వెనక తాడును పట్టుకుని, మెల్లగా నొక్కుతూ పైకి వెళ్లు. మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన, రెండో కాలితో పోలిస్తే లావుగా తగిలి, నొక్కితే నొప్పి పుడితే అది నాకు వచ్చినదే. మనం దాన్ని నరం అంటాం (మనకు ఒంట్లో పట్టేసిందల్లా నరమే!), కానీ అది పిక్క కండను మడమ ఎముకకు కట్టిన తాడు, అకిలీస్ టెండన్. ఒంట్లో అంత దిట్టమైన టెండన్ ఇంకోటి లేదు. పరిగెత్తేటప్పుడు మన బరువుకు ఆరేడు రెట్లు దాని మీద పడుతుంది.

నేను చేసిన తప్పేంటో చెబుతాను. రెండు నెలలు కాలు కదపకుండా కూర్చున్నాను. నొప్పి పోయింది. ప్రాణం లేచొచ్చినట్టయి, మొదటి రోజే పాత దూరం పరిగెత్తాను. మర్నాటికి కథ మళ్లీ మొదటికొచ్చింది. విశ్రాంతిలో నొప్పి తగ్గుతుందే గానీ తాడుకు బలం రాదు, పైగా ఉన్న బలం కూడా పోతుంది. అది బాగుపడాలంటే దాని మీద బరువు పడాలి, కాకపోతే కొలతగా పడాలి. ఈ ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఏడాది కలిసొచ్చేది.

స్వీడన్‌లో హోకన్ అల్ఫ్రెడ్‌సన్ అని ఒక ఆర్థోపెడిక్ సర్జన్ ఉన్నాడు. ఆయనకూ ఇదే నొప్పి. ఆపరేషన్ చెయ్యమంటే పైవాళ్లు ఒప్పుకోలేదట. తెగితేనన్నా చేస్తారు కదా అని, నొప్పి పుట్టేలా మడమను పదేపదే కిందికి దించడం మొదలెట్టాడు. తెగలేదు సరికదా, నొప్పే పోయింది! 1998లో అదే పద్ధతిని 15 మంది రన్నర్ల చేత 12 వారాలు చేయిస్తే అందరూ మళ్లీ పరుగుకు వెళ్లారు. తర్వాతి పరిశోధనల్లో ఫలితాలు అంత నిండుగా రాలేదనుకో, అయినా మొదటి వైద్యం ఈ వ్యాయామమేనని ఇప్పటికీ అంటారు.

మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడు. పక్కన గోడ పట్టుకో. బాగున్న కాలితో పైకి లే, బరువంతా నొప్పి కాలి మీదికి మార్చు, మడమను మెట్టు కిందికి మెల్లగా దించు. మెల్లగా అంటే నిజంగా మెల్లగా, నీకు అలవాటైన హడావుడిలో కాదు. మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున మూడు సార్లు, కొంచెం వంచి ఇంకో మూడు సార్లు. పొద్దునా సాయంత్రం కలిపితే రోజుకు 180. మూడో విడతలో పిక్క వణుకుతుంది, ఫర్వాలేదు. తేలికైపోయాక వీపున బ్యాగులో పుస్తకాలు వేసుకో. ఇంత తీరిక లేదంటావా, వారానికి మూడు రోజులు జిమ్‌లో ఎక్కువ బరువుతో నిదానంగా చేసినా ఇంచుమించు ఇదే ఫలితం. తాడు మడమ ఎముకను అంటుకునే చోటే నొప్పి ఉంటే మాత్రం మెట్టు వద్దు. నేల మీదే చెయ్యి, కొన్నాళ్లు బూట్లలో మడమ కింద మెత్తటి ప్యాడ్ పెట్టుకో.

పరుగు పూర్తిగా మానెయ్యక్కర్లేదు. పదికి అయిదు దాకా నొప్పి ఓర్చుకోవచ్చు, కానీ మర్నాడు పొద్దునకల్లా అది తగ్గిపోవాలి. తగ్గకపోతే నిన్నటి పరుగు ఎక్కువైందన్నమాట. నేను క్యాలెండర్ మీద రోజూ ఒక అంకె వేసుకునేవాణ్ణి. మొదటి నెలంతా నాలుగు, అయిదు, నాలుగు. విసుగొచ్చి క్యాలెండర్ చింపేద్దామనుకున్నాను. ఏడో వారంలో రెండు పడింది.

ఇంజెక్షన్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకు. నాకు ఒకాయన స్టెరాయిడ్ వేస్తానన్నాడు, రెండు రోజుల్లో పరిగెత్తొచ్చన్నాడు. నొప్పి ఆగుతుంది నిజమే, కానీ తాడు బలహీనపడి తెగే ప్రమాదం ఉంది. ఇంకోటి, ఏ జ్వరానికో డాక్టర్ సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రాస్తే నీ మడమ సంగతి చెప్పు. ఆ జాతి యాంటీబయాటిక్స్ ఈ టెండన్‌కు చేటు చేస్తాయి.

ఎప్పుడైనా టప్‌మని శబ్దమై, వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే నా ఉత్తరం పక్కన పడేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లు. అది వేరే సంగతి.

ఒకసారి ఫిజియోకు చూపించి, రేపే మెట్టెక్కు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు 'బాగానే ఉంది నాన్నా' అంటే ఊరుకోను, ఏడు రోజుల అంకెలూ చదివి వినిపించాలి.

నీ
నాన్న