పారా క్రీడల వార్తల్లో ఆట వివరాలేవి?

సంపాదకులకు నమస్కారాలు.

పారాలింపిక్స్ జరిగినప్పుడల్లా మన పత్రికలు పతక విజేతల గురించి విరివిగా రాస్తున్నందుకు సంతోషం. అయితే ఆ కథనాల్లో ప్రమాదం ఎలా జరిగిందో, కుటుంబం ఎన్ని ఇబ్బందులు పడిందో వివరంగా ఉంటుంది గానీ, క్రీడాకారుడు ఏ విభాగంలో పోటీపడ్డాడో, ఆ విభాగం ఎవరిదో, ఎంత దూరం విసిరాడో చాలాసార్లు కనిపించదు.

జావెలిన్ త్రో క్రీడాకారుడు దేవేంద్ర ఝఝారియానే తీసుకుందాం. రాజస్థాన్‌లోని చురు జిల్లాకు చెందిన ఆయన ఎనిమిదేళ్ల వయసులో చెట్టెక్కినప్పుడు కరెంటు తీగ తగిలి ఎడమ చేతిని కోల్పోయిన సంగతి దాదాపు ప్రతి కథనంలోనూ ఉంటుంది. 2004లో ఏథెన్స్‌లో 62.15 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచిన ఆయన, మళ్లీ 2016లో రియోలో 63.97 మీటర్లతో ఆ రికార్డును తానే తిరగరాసి రెండో స్వర్ణం అందుకున్నారు. మధ్యలోని పన్నెండేళ్లు ఆయన ఎందుకు కనిపించలేదో మాత్రం ఎక్కువమంది పాఠకులకు తెలియదు. 2008 బీజింగ్‌లోనూ, 2012 లండన్‌లోనూ ఆయన విభాగమైన ఎఫ్46లో (ఒక చేతికి వైకల్యం ఉన్నవారిది) జావెలిన్ పోటీనే పెట్టలేదు. అంటే ఇరవై ఏడు, ముప్పై ఒకటి ఏళ్ల వయసులో, ఏ అథ్లెట్ అయినా మంచి ఊపు మీద ఉండే కాలంలో, ఆయనకు పారాలింపిక్స్ తలుపులు మూసుకుపోయాయి. అయినా సాధన మానకుండా 2013లో లియాన్‌లో ప్రపంచ చాంపియన్ కావడం, నా దృష్టిలో, ఆయన జీవితంలో అన్నిటికన్నా చెప్పుకోదగ్గ ఘట్టం.

2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్ వార్తల్లోనూ ఇదే లోపం. ‘ఈసారి రజతమే’ అని చదివినవారికి ఆయన వెనకబడ్డారనిపించింది. నిజానికి నలభై ఏళ్ల వయసులో ఆయన విసిరిన 64.35 మీటర్లు, తన రెండు స్వర్ణాల దూరాలకన్నా ఎక్కువ. శ్రీలంకకు చెందిన దినేశ్ ప్రియన్ హెరాత్ 67.79 మీటర్లతో కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పడం వల్లే స్వర్ణం చేజారింది.

వరంగల్ జిల్లా బిడ్డ దీప్తి జీవాంజి పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు కూడా, ‘టీ20’ అంటే మేధో వైకల్యం ఉన్నవారి విభాగమని అర్థం కాక క్రికెట్ అనుకున్నవారు నాకు ఎదురయ్యారు! ‘టీ’ పరుగు, జంప్ పోటీలకూ, ‘ఎఫ్’ విసిరే పోటీలకూ గుర్తు అని ఒక్క వాక్యం వేస్తే సరిపోయేది.

పాఠశాలల్లో ఆటల పీరియడ్ వచ్చేసరికి వైకల్యం ఉన్న పిల్లలను నీడన కూర్చోబెట్టడం నేను ఉద్యోగకాలమంతా చూశాను. తమ బిడ్డకు తగిన విభాగం ఒకటి ఉందని తెలిస్తే కొందరు తల్లిదండ్రులైనా వ్యాయామ ఉపాధ్యాయుణ్ని అడుగుతారు. కాబట్టి ఇకపై ప్రతి పారా క్రీడా వార్తతో పాటు విభాగం, దాని అర్హత, సాధించిన దూరం లేదా సమయం, అప్పటివరకున్న రికార్డు చిన్న పెట్టెలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, నల్గొండ