మా ఊరి పేరు కుంభకోణమే, లెక్కలు మాత్రం గోడ మీదే: భజన మందిరం పైకప్పుకి విరాళాల విజ్ఞప్తి

అందరికీ నమస్కారం.

ముందే చెప్పేస్తున్నా, ఇది కుంభకోణం నుంచి డబ్బులడుగుతూ రాస్తున్న ఉత్తరం. నవ్వొచ్చింది కదా? నవ్వుకోండి, పర్వాలేదు. నేను నెల్లూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి పందొమ్మిదేళ్ళయింది, పెళ్ళి కుదిరిన రోజు మా బాబాయి "కుంభకోణంలో ఇరుక్కున్నావే అమ్మాయ్" అని వేసిన జోకుని మా వైపు ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఇప్పటికీ ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారు. తెలుగులో ఈ మాటకి ఆ అర్థం ఉందంటే ఇక్కడివాళ్ళు నమ్మరు. మా మామగారైతే ఒకసారి తిరుపతి బస్సులో పక్కాయన పేపర్లో "భారీ కుంభకోణం" అన్న హెడ్డింగ్ పైకి చదివితే, మా ఊరి గురించి ఏం రాశారండీ అని సంబరంగా అడిగారట.

సరే, విషయానికొస్తాను. మా భజన మందిరం పైకప్పు కురుస్తోంది. దాన్ని బాగుచేయించాలి, 2028 మహామహం (పన్నెండేళ్ళకోసారి వచ్చే మా కోనేటి స్నానాల పండగ) లోపు.

మందిరం అనగానే గోపురం, ధ్వజస్తంభం ఊహించుకోకండి. మహామహం కోనేటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక పాత మిద్దె ఇల్లు. వీధి వైపు అరుగు, లోపల హాలు, హాల్లో గోడకి రామపట్టాభిషేకం తంజావూరు పటం, వెనక నాలుగు గదులు, ఒక బావి. ఇరవై రెండు తెలుగు కుటుంబాలు కలిసి నడుపుకుంటున్నాం. నాయకరాజుల కాలంలో మా పెద్దలు ఇటు వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. మా తెలుగు వింటే మీకు వింతగా ఉంటుంది, సగం తమిళం కలిసిపోయింది. మాట్లాడటం వచ్చు గానీ చాలామందికి రాయడం, చదవడం రాదు, అందుకే కమిటీ తరఫున ఈ ఉత్తరం రాసే పని నా మీద పడింది.

రాయడం రాదన్నాను కదా, మరి భజన ఎలా పాడతారంటారా? మందిరం బీరువాలో పాత నోటు పుస్తకాలు ఓ ముప్పై దాకా ఉన్నాయి. రామదాసు కీర్తనలు, త్యాగరాజస్వామి దివ్యనామాలు, అన్నీ తెలుగు పాటలే, కానీ రాసింది తమిళ లిపిలో. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, అందుకని "గోవిందా" అని రాయాలంటే "కో" రాసి పక్కన పైకి చిన్న 3 వేస్తారు. "ఘ" అయితే 4. పుస్తకమంతా అక్షరాల నెత్తిన చిన్న చిన్న అంకెలు, మొదటిసారి చూసినప్పుడు లెక్కల నోట్సేమో అనుకున్నాను. మా అత్తగారు ఆ 3లూ 4లూ చూసుకుంటూ, నెల్లూరులో పుట్టిన నాకన్నా స్పష్టంగా ఒత్తులు పలుకుతారు.

ఈ వైపు భజన అంటే నోటికొచ్చిన పాట పాడటం కాదు, దానికో పద్ధతి ఉంది. తోడయమంగళంతో మొదలుపెట్టాలి, తర్వాత గురువుల మీద పాటలు, అష్టపదులు, కీర్తనలు, దీపం చుట్టూ తిరుగుతూ దివ్యనామం. ఈ వరస కుదిర్చిన మరుదానల్లూరు సద్గురు స్వామి మఠం మా ఊరి పక్కనే. అందుకే తమిళనాట ఏ మూల ఈ సంప్రదాయ భజన జరిగినా భద్రాచల రామదాసు కీర్తన వినిపిస్తుంది, పాడేవాళ్ళకి తెలుగు ముక్క రాకపోయినా.

ఇక ఊరి సంగతి. ఎందుకింత చెబుతున్నానంటే, చాలామంది మనవాళ్ళు నవగ్రహ టూరు ప్యాకేజీలో ఇక్కడ రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్ళిపోతారు, డిగ్రీ కాఫీ తాగాం అని చెప్పుకుంటారు. కాఫీ బాగుంటుంది, కాదనను.

ఈ ఊరి పాత తమిళ పేరు కుడమూక్కు, కుడందై అని కూడా అంటారు. కుడం అంటే కుండ, మన కుంభమే. ప్రళయంలో బ్రహ్మ సృష్టి బీజాల్ని అమృతంతో కలిపి కుండలో పెట్టాడట, అది నీళ్ళలో కొట్టుకొచ్చి ఇక్కడ ఆగిందట, శివుడు కిరాతుడి వేషంలో బాణం వేసి పగలగొట్టాడట. ఒలికిన అమృతం రెండు చోట్ల నిలిచింది. ఒకటి మహామహం కోనేరు, రెండోది శారంగపాణి గుడి పొట్రామరై కోనేరు. తడిసిన ఇసుకనే శివుడు లింగంగా చేశాడు, ఆయనే ఆది కుంభేశ్వరుడు. ఇసుక లింగం కాబట్టి నీళ్ళతో, పాలతో అభిషేకం చేయరు, పునుగు పూస్తారు.

శారంగపాణి గుడిది పదకొండు అంతస్తుల గోపురం, ఊళ్ళో ఎటు తిరిగినా కనిపిస్తుంది. ఆళ్వార్లనే భక్తకవులు పాడిన విష్ణు క్షేత్రాలు, అంటే 108 దివ్యదేశాల్లో శ్రీరంగం, తిరుమల తర్వాత దీన్నే చెబుతారు. గర్భగుడిని రాతి రథంలా కట్టారు, చక్రాలు, గుర్రాలు, ఏనుగులతో సహా. స్వామి పూర్తిగా పడుకుని ఉండడు, తిరుమళిశై ఆళ్వారు పిలిస్తే లేవబోతూ ఆగిపోయినట్టు కాస్త లేచి ఉంటాడు. లోపల పాతాళ శ్రీనివాసుడి సన్నిధి కూడా ఉంది. పద్మావతిని పెళ్ళి చేసుకున్నాడని కోపంతో లక్ష్మీదేవి వెతుక్కుంటూ వస్తే మన వెంకన్న భూమిలోపల దాక్కున్నది ఇక్కడేనట. తిరుపతి నుంచి వచ్చిన మగవాళ్ళని మా మామగారు ప్రత్యేకంగా తీసుకెళ్ళి చూపిస్తుంటారు, ఎందుకో మరి.

ఈ గుడి గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ వేరే ఉంది. కాట్టుమన్నార్‌కోయిల్లో ఉన్న వైష్ణవ గురువు నాథమునుల దగ్గరికి వచ్చిన కొందరు యాత్రికులు ఈ స్వామి మీద నమ్మాళ్వారు చెప్పిన పది పాశురాలు, అంటే తమిళ పద్యాలు, పాడారు. చివర్లో "వెయ్యింటిలో ఈ పది" అని ఉంది. మిగతావి ఏవీ అని ఆయన అడిగితే మాకు ఇవే వచ్చు అన్నారట. ఆ మిగతావాటి కోసం బయల్దేరిన నాథమునులు చివరికి ఆళ్వార్ల నాలుగు వేల పాశురాలూ సంపాదించారు, అదే దివ్యప్రబంధం. ఇవాళ తిరుమలలో దివ్యప్రబంధం వినిపిస్తోందంటే దాని వెనక ఈ ఊరి పది పాటలున్నాయి. పాట పోకుండా కాపాడుకోవడం అంటే ఏమిటో ఆ నోటు పుస్తకాలు తిరగేసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

చోళుల నాగేశ్వర స్వామి గుడి, దగ్గర్లోని దారాసురం ఐరావతేశ్వరాలయం (2004లో యునెస్కో జాబితాలో చేరింది), శారంగపాణి సన్నిధి వీధిలో శ్రీనివాస రామానుజన్ పెరిగిన ఇల్లు, ఇవన్నీ వచ్చి చూడాల్సిందే, నేను రాస్తే తెమలదు.

మనకి దగ్గర చుట్టరికం నాయకరాజులతో. 1532 నుంచి 1673 దాకా తంజావూరు ఏలినవాళ్ళు తెలుగువాళ్ళు, ఆస్థానంలో తెలుగే రాజ్యమేలింది. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి, చేమకూర వెంకటకవి ఆయన ఆస్థానం వాడే. ఇక్కడి రామస్వామి గుడి ఆయన కాలంలో పూర్తయింది. సీతారాములు ఒకే పీఠం మీద, శత్రుఘ్నుడి చేతిలో వింజామర, భరతుడి చేతిలో గొడుగు, ఆంజనేయుడి చేతిలో వీణ! గదతో కాదు, వీణతో కూర్చున్నాడు. ప్రాకారం గోడంతా రామాయణం బొమ్మలు, మూడు ప్రదక్షిణలు చేస్తే కథ అయిపోతుంది. రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితులు మహామహం కోనేటి చుట్టూ పదహారు మంటపాలు కట్టించారు. తులాభారం బంగారంతో కట్టారని చెబుతారు, ఒక మంటపం కప్పు లోపలి వైపు ఆ త్రాసు శిల్పం ఇప్పటికీ ఉంది, తలెత్తి చూసేవాళ్ళు తక్కువ.

ఆ కోనేటి గట్టు మీద కాశీ విశ్వనాథుడి గుళ్ళో తొమ్మిది మంది నదీ కన్యలు వరసగా నిలబడి ఉంటారు. వాళ్ళలో మన గోదావరి, కృష్ణ, తుంగభద్ర ఉన్నారు. జనం ముంచి వదిలేసిన పాపాలన్నీ మోసీ మోసీ, వాటిని కడుక్కోవడానికి నదులే పన్నెండేళ్ళకోసారి ఇక్కడికి వస్తాయట. అదే మహామహం. బృహస్పతి సింహరాశిలో ఉన్నప్పుడు తమిళుల మాసి నెలలో మఖా నక్షత్రం నాడు. సింహరాశి అనగానే మీకు వెలిగి ఉండాలి, గోదావరి పుష్కరాలదీ అదే లెక్క. 2015లో పుష్కరాలు, 2016 ఫిబ్రవరిలో మహామహం. 2027లో మళ్ళీ పుష్కరాలు, 2028లో మళ్ళీ మహామహం. రాజమండ్రిలో మీరు వదిలిన పాపాలు కొన్ని నెలల్లో మా ఊరికి చేరతాయన్నమాట!

లక్షల జనం వస్తారు. 1992లో తొక్కిసలాట జరిగి పదుల మంది చనిపోయారు. అప్పటి నుంచి మా మందిరంలో ఒక అలవాటు ఉంది. మా దగ్గర దిగిన ముసలివాళ్ళని, చంటిపిల్లల తల్లుల్ని ముఖ్యమైన రోజు రద్దీలోకి వెళ్ళనివ్వం, పండగ పది రోజులూ ఉంటుంది కాబట్టి జనం పలచబడిన రోజు మా కుర్రాళ్ళు దగ్గరుండి తీసుకెళ్తారు. 2016లో గదులు, హాలు నిండిపోయి అరుగు మీద కూడా పడుకున్నారు. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య, లాడ్జి వాళ్ళు బుకింగ్ లేదు పొమ్మంటే రాత్రి పదకొండింటికి తలుపు కొట్టారు. మిగిలిన పెరుగన్నం పెడితే, తింటూ ఆవిడ "మా అమ్మాయి ఇంట్లో ఉన్నట్టుందమ్మా" అంది. మేం ఎవరి దగ్గరా గదికి డబ్బు తీసుకోం.

ఇప్పుడు కప్పు సంగతి. ఇది పాతకాలం మిద్దె. టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి, పైన సున్నంలో ఇటుక ముక్కలు కలిపి వేసి, కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి కొట్టి గట్టిపరిచింది. కొన్నేళ్ళ క్రితం కాస్త ఉరుస్తోందని ఒక కంట్రాక్టరుని పిలిచాం (పేరు వద్దులెండి), ఆయన దాని మీద సిమెంటు పూసేసి ఇంక యాభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. సిమెంటు పగిలి నీళ్ళు దిగాయి, దిగిన నీళ్ళు బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోయాయి, రెండు దూలాల చివర్లు మెత్తబడ్డాయి. తప్పు మాది కూడా, చవకగా అయిపోతుందని ఒప్పుకున్నాం.

పోయిన వానాకాలం భజన మధ్యలో సరిగ్గా పటం పక్కనే చుక్క పడటం మొదలైంది. ఇత్తడి గంగాళం పెట్టాం. టప్ టప్ అని దాని తాళం దానిది, మృదంగం వాయించే కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. భజన అయ్యాక దీపం దగ్గరపెట్టి చూస్తే నవ్వు పోయింది. పటంలో కింది మూల, సీతమ్మ పాదాల దగ్గర, బంగారు రేకు ఉబ్బి ఉల్లిపొరలా లేచి ఉంది. ఇప్పుడు పటాన్ని మా ఇంట్లో బీరువా పక్కన పెట్టాం, హాల్లో గోడ ఖాళీగా ఉంది.

పాత పద్ధతి తెలిసిన మేస్త్రీ ఒకాయన వచ్చి చూశారు. సిమెంటంతా తీసేసి, రెండు దూలాలు మార్చి, మళ్ళీ సున్నంతోనే వేయాలి, వానలు ఆగాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు పూర్తి చేయాలి అన్నారు. కప్పుకి 9 లక్షలు, వెనక రెండు బాత్‌రూములకి 4 లక్షలు (ఒకటి కమోడ్‌తో, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు ఎక్కువ కదా), కరెంటు వైరింగ్‌కి, పటం బాగుకి కలిపి 3 లక్షలు. మొత్తం 16. మా ఇరవై రెండు కుటుంబాలు వేసుకున్నది 4 లక్షల 20 వేలు. మిగతాది మీ దగ్గర అడుగుతున్నాం.

వంద రూపాయలైనా ఇవ్వొచ్చు. ఒక బస్తా సున్నం, వెయ్యి ఇటుకలు, ఒక రోజు కూలి, ఇలా ఇచ్చినా సంతోషం. మార్బుల్, గ్రానైటు మాత్రం వద్దు. ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయించే అలవాటు మా దగ్గర లేదు, లైటు కన్నా పేరే ఎక్కువ వెలుగుతుంది. వచ్చిన ప్రతి రూపాయీ, పెట్టిన ప్రతి ఖర్చూ నెలనెలా కాగితం మీద రాసి అరుగు గోడకి అంటిస్తాం, దాని ఫోటో ఇచ్చినవాళ్ళందరికీ పంపిస్తాం. ఊరి పేరు ఇలాంటిది కాబట్టి మేం మిగతావాళ్ళ కన్నా రెండింతలు జాగ్రత్తగా ఉండాలి!

కొన్ని విషయాలు ముందే చెప్పడం మంచిది. 80జి (విరాళాలకి పన్ను మినహాయింపు) మాకు ఇంకా రాలేదు, అప్లై చేశాం, కాబట్టి టాక్స్ తగ్గుతుందని ఇవ్వకండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళ దగ్గర తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ కావాలి, అది మాకు లేదు, అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్ళు దయచేసి ఏమీ అనుకోవద్దు. ఖాతా నంబరు, క్యూఆర్ కోడ్ ఇందులో కావాలనే పెట్టలేదు, ఫార్వర్డ్ అవుతూ అవుతూ మధ్యలో ఎవరైనా మార్చేస్తే ఆ టెన్షన్ మేం పడలేం. ఈ ఉత్తరం మీకు పంపిన మా సభ్యుల్నే అడగండి, మీకు ముఖపరిచయం ఉన్నవాళ్ళకే ఇవ్వండి. నగదు ఇస్తే రసీదు తీసుకోకుండా కదలొద్దు.

వచ్చి చూసి ఇస్తామంటే ఇంకా మంచిది. శనివారం సాయంత్రం ఆరున్నరకి భజన, తర్వాత సుండల్, అంటే మన గుగ్గిళ్ళే. రాయలసీమ వైపు నుంచి వచ్చేవాళ్ళు మంచి కరక్కాయలు దొరికితే ఓ రెండు కిలోలు తీసుకురండి, మేస్త్రీగారు ఇప్పటికే రెండుసార్లు అడిగారు.

ఇట్లు,
భజన మందిరం కమిటీ తరఫున,
నెల్లూరు కోడలు